పాటల పోటీల్లో చిన్న జాతుల అస్తిత్వం: సింగరేణి నేల నుంచి ఆస్కార్ వేదిక దాకా

జనసంఖ్యలో, సంపదలో, సైన్యంలో పెద్ద దేశాలతో తూగలేని జాతులు తమ ఉనికిని లోకానికి చాటడానికి పట్టుకున్న సాధనాల్లో పాట ముఖ్యమైంది. సొంత పాటను పరాయి గడ్డ మీద పోటీకి నిలిపి, దాని ద్వారా తమ భాషకు, తమ బతుకుకు గౌరవం తెచ్చుకున్న చిన్న దేశాల చరిత్ర 150 ఏళ్ల నాటిది. 19వ శతాబ్దంలో వేల్స్ బొగ్గు లోయల బృందగానంలో ఇది స్పష్టమైన రూపం తీసుకుంది. 1956లో మొదలైన యూరోవిజన్ పాటల పోటీతో ఐరోపా అంతటికీ వ్యాపించింది. తెలుగు నేల మీద దీనికి అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ తెలంగాణ. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో పాటతోనే తనను తాను నిర్వచించుకున్న ఈ ప్రాంతం 2014లో రాష్ట్రమైంది. 2023లో ఇక్కడి కవి రాసిన పాట, ఇక్కడి గాయకుడు గొంతు కలిపిన పాట ఆస్కార్ గెలిచింది. పెద్దపల్లి, మంచిర్యాల, భూపాలపల్లి జిల్లాల సింగరేణి బొగ్గు గనుల ప్రాంతానికి ఈ కథలో ప్రత్యేక స్థానం ఉంది.

పరిధి

సంగీత పోటీల్లో జాతి అస్తిత్వం మూడు తీరుల్లో వ్యక్తమవుతుంది. మొదటిది, దేశమే అధికారికంగా పాటను పంపే పోటీ. యూరోవిజన్ ఈ కోవలోది. రెండోది, పాట తన బలం మీద తాను పోటీలో నిలిస్తే, గెలిచాక జాతి దాన్ని తనదిగా చెప్పుకునే తీరు. ఆస్కార్, గోల్డెన్ గ్లోబ్ పురస్కారాలు ఇటువంటివి. మూడోది, ఒకే దేశంలోని ప్రాంతాలు ఓట్లతో తమవాళ్లను గెలిపించుకునే టీవీ పోటీ.

సొంత జెండాతో పోటీకి వెళ్లే అవకాశం జనసంఖ్యను బట్టి రాదు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. ఒక్క పెద్దపల్లి జిల్లాలోనే దాదాపు 8 లక్షల మంది ఉన్నారు. ఐస్‌లాండ్ దేశ జనాభా 4 లక్షలకు అటూ ఇటూ; శాన్ మారినోలో 35 వేల మంది కూడా లేరు. అయినా ఆ రెండు దేశాలకూ యూరోవిజన్‌లో సొంత జెండాతో పోటీపడే అవకాశం ఉంది. అంత జనం, అంత పాట ఉన్నా తెలంగాణ వంటి ప్రాంతాలు రెండో తీరు, మూడో తీరు పోటీల మీదే ఆధారపడాలి.

బొగ్గు లోయల బృందగానం: వేల్స్

వేల్స్ జనాభా ఇప్పటికీ 31 లక్షల పైచిలుకే. 1847లో బ్రిటిష్ ప్రభుత్వ విద్యా విచారణ నివేదిక వేల్ష్ భాష వెనకబాటుకు మూలమని రాసింది. జనం నడతను కూడా తప్పుపట్టింది. ఆ అవమానానికి వేల్స్ పాటతో జవాబు చెప్పింది. బొగ్గు గనుల్లో, ఇనుము కొలుముల్లో పనిచేసేవాళ్లు పని దిగాక ప్రార్థనా మందిరాల్లో కూడి బృందగానం నేర్చుకునేవారు. మన సరిగమల్లా అక్షరాలతో రాసే టానిక్ సోల్‌ఫా పద్ధతి వాళ్లకు కలిసొచ్చింది. పాశ్చాత్య స్వరలిపి చదవడం రాని గనికార్మికులు కూడా దాని సాయంతో పెద్దపెద్ద బృందగానాలను సాధన చేయగలిగారు.

1872లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన పోటీకి దక్షిణ వేల్స్ నుంచి 400కు పైగా గొంతులతో ఒక మహాబృందం వెళ్లింది. దానికి నాయకుడు గ్రిఫిత్ రీస్ జోన్స్. కమ్మరి పనితో జీవితం మొదలుపెట్టిన ఆయనను జనం కారడాగ్ అని పిలుచుకునేవారు. ఆ ఏడు ఎదురు నిలిచిన బృందమే లేక కప్పు దానికే దక్కింది. మరుసటి ఏడు లండన్ బృందం ఒకటి పోటీకి దిగింది. 1873లో దాన్ని ఓడించి కారడాగ్ బృందం కప్పును మళ్లీ ఇంటికి తెచ్చుకుంది. ఇంగ్లిష్ రానివాళ్లని, మొరటువాళ్లని పేరుపడ్డ కార్మికులు రాజధానిలో రాజధాని బృందాన్నే ఓడించడం వేల్స్ ఆత్మగౌరవ చరిత్రలో మైలురాయి. అబర్‌డేర్ పట్టణం నడిబొడ్డున కారడాగ్ విగ్రహం నేటికీ ఉంది.

ఈ విజయం వెనక ‘ఐస్టెడ్‌ఫడ్’ అనే పోటీల వ్యవస్థ ఉంది. ఊరి స్థాయిలో పాట, పద్యం పోటీలు. వాటి పైన ప్రాంతీయ పోటీలు. అన్నిటికీ పైన 1861లో అబర్‌డేర్‌లో మొదలైన జాతీయ ఐస్టెడ్‌ఫడ్. 1950 నుంచి ఆ వేదిక మీద వేల్ష్ భాషే వాడాలన్న నియమం వచ్చింది. గనికార్మికులకు సొంత ఐస్టెడ్‌ఫడ్ కూడా ఉండేది. 1957లో పోర్త్‌కాల్‌లో అది జరుగుతుండగా, అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్ట్ లాక్కోవడంతో రాలేకపోయిన నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ న్యూయార్క్‌లో ఫోన్ పట్టుకుని పాడాడు. సముద్రగర్భ కేబుల్ మీదుగా వచ్చిన ఆ పాటను సభలోని వేలమంది విన్నారు. కార్మికుల బృందం తిరిగి ఆయనకు పాడి వినిపించింది.

1947 నుంచి లాంగోథ్లెన్ అనే చిన్న పట్టణం అంతర్జాతీయ ఐస్టెడ్‌ఫడ్ నడుపుతోంది. 1955లో ఇటలీలోని మోడెనా నుంచి వచ్చి పురుషుల బృందగానంలో మొదటి బహుమతి గెలిచిన బృందంలో 19 ఏళ్ల లూచానో పవరోటి ఉన్నాడు. వాళ్ల నాన్న కూడా అదే బృందంలో పాడాడు. పోటీకి వెళ్లడంతో మొదలుపెట్టిన వేల్స్, చివరికి లోకాన్నే తన ముంగిట పోటీకి పిలిచే స్థాయికి ఎదిగింది.

యూరోవిజన్: జెండా కింద మూడు నిమిషాలు

1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన ఈ పోటీని యూరోపియన్ ప్రసార సంస్థల సమాఖ్య నిర్వహిస్తుంది. పాట మూడు నిమిషాలు మించకూడదు. వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు. రాజకీయ ప్రచారం కూడదు. 1975 నుంచి ప్రతి దేశం తనకు నచ్చిన పది పాటలకు ఒకటి నుంచి ఎనిమిది దాకా, ఆపైన పది, పన్నెండు పాయింట్లు ఇచ్చే పద్ధతి నడుస్తోంది. ఏ దేశమూ తన పాటకు తాను ఓటేసుకోవడానికి వీల్లేదు. అందుకే ఇక్కడ ప్రతి గెలుపూ ఇరుగుపొరుగుల గుర్తింపు.

భాష విషయంలో నియమం చాలాసార్లు మారింది. 1966లో సొంత జాతీయ భాషలోనే పాడాలన్నారు; 1973లో సడలించారు; 1977లో మళ్లీ తెచ్చారు; 1999లో పూర్తిగా ఎత్తేశారు. అప్పటి నుంచి చాలా చిన్న దేశాలు ఇంగ్లిష్‌లో పాడుతున్నాయి. అయినా 2007లో సెర్బియా, స్వతంత్ర దేశంగా పాల్గొన్న తొలి ఏడే, సెర్బియన్ భాషలో పాడి గెలిచింది. 1964 నుంచి పోటీపడుతూ ఒక్కసారీ గెలవని పోర్చుగల్ 2017లో పోర్చుగీసు పాటతోనే తొలిసారి గెలిచింది. లక్సెంబర్గ్ కథ దీనికి భిన్నం. ఆ చిన్న దేశం ఐదుసార్లు గెలిచినా ఆ విజేతల్లో ఒక్కరూ లక్సెంబర్గ్‌వాళ్లు కారు. గెలుపులు దక్కాయి గానీ, లక్సెంబర్గ్ గొంతు ఎలా ఉంటుందో ఆ పాటల ద్వారా లోకానికి తెలియలేదు.

పాటకూ చరిత్రకూ ఉన్న బంధానికి ఉక్రెయిన్ గట్టి సాక్ష్యం. 2004లో రుస్లానా కార్పతియన్ కొండల హుత్సుల్ జానపద శైలితో గెలిచింది. 2016లో క్రిమియన్ తాతార్ గాయని జమాలా, స్టాలిన్ కాలంలో తన జనాన్ని వెళ్లగొట్టిన 1944 నాటి ఘటనను పాడి గెలిచింది. 2022లో యుద్ధం నడుస్తుండగా కలుష్ ఆర్కెస్ట్రా పల్లె వేణువు నాదాన్ని ర్యాప్‌తో కలిపి, ప్రేక్షకుల ఓట్లలో 439 పాయింట్లతో రికార్డు సృష్టించింది.

పాటతో నిలిచిన ఎస్టోనియా

ఎస్టోనియా జనాభా 13 లక్షల పైచిలుకు. 1869లో తార్తూ పట్టణంలో మొదలైన బృందగాన ఉత్సవం ఆ జాతికి వెన్నెముక. సోవియట్ పాలనలోనూ అది ఆగలేదు. 1988లో తాల్లిన్ పాటల మైదానంలో లక్షలాది మంది రాత్రిళ్లు కూడి, నిషేధంలో ఉన్న జాతీయ గీతాలు పాడారు. 1991లో ఆ దేశం తిరిగి స్వతంత్రమైంది. ఆ పోరాటాన్ని ‘పాటల విప్లవం’ అని పిలుస్తారు. సరిగ్గా పదేళ్లకు, 2001లో, ఎస్టోనియా యూరోవిజన్ గెలిచింది. మాజీ సోవియట్ దేశాల్లో ఆ గెలుపు అందుకున్న మొదటిది అదే. 2002లో పోటీ తాల్లిన్‌లో జరిగినప్పుడు ప్రభుత్వం దేశాన్ని కొత్తగా పరిచయం చేసే ప్రచారాన్ని దానితో జోడించింది. గెలిచింది ఇంగ్లిష్ పాటే; దాని వెనక మాత్రం ఎస్టోనియన్‌లో పాడుకున్న 130 ఏళ్ల అలవాటు ఉంది.

తెలంగాణ: ఉద్యమానికి పాటే ఊపిరి

తెలంగాణ ఉద్యమం పాటను ఉపన్యాసానికి తోడుగా వాడుకోలేదు. పాటనే ముందు నడిపించింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం సభల్లో డప్పు, గజ్జె, గొంగడి వేదికనెక్కాయి. రసమయి బాలకిషన్, విమలక్క, గోరటి వెంకన్న వంటివాళ్లు ఊరూరా పాడారు. 1972లో ఏర్పడ్డ జననాట్యమండలితో దశాబ్దాల పాటు జనంలో తిరిగిన గద్దర్ మలిదశ ఉద్యమానికీ గొంతునిచ్చారు. అప్పటిదాకా సినిమాల్లో హాస్యానికో, విలన్‌కో పరిమితమైన తెలంగాణ యాస వేదిక మీద కన్నీళ్లు పెట్టించింది, పిడికిలి బిగించేట్టు చేసింది. తమ మాట పాటకు పనికొస్తుందని, ఆ పాట వేలమందిని కదిలిస్తుందని కళ్లారా చూసిన జనానికి కొత్త ధీమా వచ్చింది.

రాష్ట్రం వచ్చాక 2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడింది; ఉద్యమంలో పాడిన వందలాది మంది కళాకారులకు అందులో కొలువులు దొరికాయి. గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2024లో ప్రభుత్వం సినిమా పురస్కారాలకు గద్దర్ పేరు పెట్టింది.

సింగరేణి ప్రాంతపు పాట

ఇల్లందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి లోయ పొడవునా విస్తరించింది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రామగుండం ప్రాంతంలో 1960ల తొలినాళ్లలో గనులు తెరుచుకున్నాక గోదావరిఖని కార్మిక పట్టణంగా ఎదిగింది. పాత కరీంనగర్ జిల్లా పల్లెల నుంచే కాక, ఇతర జిల్లాల నుంచి, ఉత్తరాది రాష్ట్రాల నుంచి కూడా జనం బొగ్గుబాయి (గని) పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఎవరి పాట వాళ్లు వెంట తెచ్చుకున్నారు. కార్మిక కాలనీల్లో బతుకమ్మ, ఒగ్గుకథ, భజన, డప్పు, యూనియన్ సభల పాటలు పక్కపక్కనే పెరిగాయి.

బొగ్గుబాయి మనిషికి పాట తీరిక వేళ సరదాగా మిగల్లేదు. మూడు షిఫ్టుల్లో నడిచే పని, దిగినవాడు ఎక్కేదాకా ఇంట్లో గుబులు, సమ్మెలు, ప్రమాదాలు: ఇవన్నీ గని గేటు ముందు జరిగే సభల్లో పాటగా వినిపించాయి. గోదావరికి ఆవలి ఒడ్డున, ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలంలో పుట్టిన గూడ అంజయ్య రాసిన ‘ఊరు మనదిరా’ అనేక భాషల్లోకి వెళ్లింది. ఏ పోటీకీ పోకుండా, ఏ జెండా లేకుండా, మనిషి నుంచి మనిషికి పాకి ఎల్లలు దాటిన పాట అది.

తెలంగాణ రాష్ట్రం కోసం 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా బాయి దిగలేదు. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతుందని రాష్ట్రమంతటికీ తెలిసొచ్చింది. ఆ రోజుల్లో ధర్నా శిబిరాలన్నీ పాటల వేదికలే. ఎస్టోనియా పాటల మైదానంలో 1988లో జరిగింది సింగరేణి బొగ్గు పట్టణాల చౌరస్తాల్లో 2011లో జరిగింది.

పోటీల వ్యవస్థ కూడా ఇక్కడ కొంత ఉంది. సింగరేణిలోని వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఆటలతో పాటు సాంస్కృతిక పోటీలూ నడుపుతుంది. ఏరియా స్థాయిలో నెగ్గినవాళ్లు కంపెనీ స్థాయికి, అక్కడి నుంచి కోల్ ఇండియా స్థాయికి వెళతారు. సింగరేణి కోల్ ఇండియాలో భాగం కాదు. అందువల్ల ఆ వేదిక మీద దాని బృందం తన కంపెనీతో పాటు తెలంగాణకూ ప్రతినిధిగా కనిపిస్తుంది.

వెండితెర కూడా ఈ నేలను గుర్తించింది. 2023 మార్చిలో వచ్చిన ‘దసరా’ సినిమా కథ గోదావరిఖని దగ్గరి బొగ్గు ఊళ్లో నడుస్తుంది. ఇక్కడి యాస, ఇక్కడి పాట దేశమంతా వినిపించాయి. అదే నెలలో విడుదలైన ‘బలగం’లోని పల్లె పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం పొందారు.

చల్లగరిగ నుంచి ఆస్కార్ దాకా

2023 జనవరిలో గోల్డెన్ గ్లోబ్‌ను, మార్చి 12న 95వ ఆస్కార్ సభలో ఉత్తమ ఒరిజినల్ పాట పురస్కారాన్ని ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని ‘నాటు నాటు’ గెలుచుకుంది. భారతీయ సినిమాలోని పాట ఆస్కార్ గెలవడం అదే మొదలు. పాట రాసిన చంద్రబోస్‌ది జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలం చల్లగరిగ. సింగరేణి గనులున్న జిల్లా అది. పాడినవాళ్లలో రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాద్ వాసి. ఆయనతో గొంతు కలిపిన కాలభైరవ సంగీత దర్శకుడు ఎం.ఎం. కీరవాణి కుమారుడు. నృత్యం కూర్చింది ప్రేమ్ రక్షిత్.

ఈ పాట సినిమాలో ఒక పోటీ సందర్భంలోనే వస్తుంది. దొరల విందులో ఒక ఆంగ్లేయుడు తమ నాట్యాలను చూపి, మీకేం వచ్చని ఇద్దరు కథానాయకుల్లో ఒకడైన భీమ్‌ను ఎద్దేవా చేస్తాడు. జవాబుగా రెండో నాయకుడు రామ్, భీమ్ కలిసి ఆడే ఆటే ఈ పాట. చివరికి మిగిలిన ఇద్దరిలో రామ్ తనంతట తాను కుప్పకూలి భీమ్‌కు గెలుపునిస్తాడు. ఆసిఫాబాద్ అడవుల గోండు వీరుడు కొమురం భీమ్ పేరు పెట్టుకున్న పాత్ర అక్కడ గెలుస్తుంది. పాటలోని పోలికలన్నీ పల్లెవే: ఎర్రజొన్న రొట్టె, మిరప తొక్కు, మర్రిచెట్టు నీడ, కర్రసాము, పోలేరమ్మ జాతర. తన ఊరి జ్ఞాపకాలే పాటకు ముడిసరుకని చంద్రబోస్ చెప్పారు. తొంభై శాతం పాట సగం రోజులో వచ్చిందని, మిగతా పది శాతానికి 19 నెలలు పట్టిందని కూడా ఆయన చెప్పారు. పరాయి దేశాల ప్రేక్షకులకు అర్థం కావాలని ఒక్క పోలికనూ పలచన చేయకపోవడమే ఈ పాట గొప్పతనం.

ఈ పాటను 2021లో కీవ్‌లోని మరియిన్‌స్కీ భవనం ముందు చిత్రీకరించారు. అది ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికారిక భవనం. కొద్ది నెలలకే ఆ దేశం యుద్ధంలో పడింది. ఆ యుద్ధం నడుస్తుండగానే, 2022లో, తన పాటతో యూరోవిజన్ గెలిచింది.

ఆస్కార్ రాత్రి రాహుల్, కాలభైరవ వేదిక మీద తెలుగులో పాడారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పురస్కారం అందుకునేటప్పుడు కీరవాణి తన ఆనందాన్ని పాటగా పాడి చెప్పారు. పక్కనే నిలబడ్డ చంద్రబోస్ నమస్తే అని ఒక్క మాటతో ముగించారు. ఆ తర్వాత ఆయన చల్లగరిగలో గ్రంథాలయం కట్టించారు. 2025 బోనాల సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం రాహుల్‌కు కోటి రూపాయల పురస్కారం ప్రకటించింది.

గెలుపు ఎవరిది?

ఆస్కార్‌లో ఈ పాట భారతదేశపు అధికారిక ఎంట్రీ కాదు. ఆ ఏడు దేశం తరఫున అంతర్జాతీయ చిత్రం విభాగానికి వెళ్లింది గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’. పాటల విభాగంలో దేశాల ప్రసక్తి లేదు. అయినా గెలుపు మీద హక్కులు మాట్లాడుకోవడం వెంటనే మొదలైంది. గోల్డెన్ గ్లోబ్ వచ్చినప్పుడు తెలుగు జెండా ఎగిరిందని అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ట్వీట్ చేస్తే, ఎగిరింది భారత జెండా అని గాయకుడు అద్నాన్ సమీ అభ్యంతరం చెప్పారు. తెలంగాణలో చాలామందికి అది చిట్యాల బిడ్డ గెలుపు. నిజానికి ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. ఊరు, భాష, దేశం ఒకే పాటలో ఇమిడాయి; ఊరి నుడి లేకపోతే మిగతా రెంటికీ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇదే చర్చ రాష్ట్ర గీతం విషయంలో వేరే రూపంలో వచ్చింది. బడికి పోయి చదువుకోకుండా, పశువులు కాసి, తాపీ పని చేసి కవిగా ఎదిగిన అందెశ్రీ ఉద్యమ కాలంలో రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను ప్రభుత్వం 2024లో రాష్ట్ర గీతంగా స్వీకరించి, జూన్ 2న ఆవిష్కరించింది. స్వరకల్పన కీరవాణికి అప్పగించడాన్ని తెలంగాణ సినీ సంగీత కళాకారుల సంఘం తప్పుపట్టింది. ఉద్యమ గీతానికి ఇక్కడి సంగీతకారుడే స్వరం కట్టాలని వాదించింది. లక్సెంబర్గ్ అనుభవం తెలిసినవాళ్లకు ఆ ఆవేదన అర్థమవుతుంది. అయితే తెలంగాణ పల్లె పదాలను లోకం ముందు నిలిపిన ‘నాటు నాటు’ బాణీ కూడా కీరవాణిదే. ఆయన ఎంపికకు అందెశ్రీ అండగా నిలిచారు. 2025 నవంబర్‌లో అందెశ్రీ కన్నుమూశారు. ఆయన పాట అధికారిక సభల్లో నిలిచింది.

టీవీ పోటీలు

1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన ‘పాడుతా తీయగా’ తెలుగు పల్లెల గొంతులకు వేదికైంది. తర్వాత అమెరికా తెలుగు పిల్లలకూ చేరింది. హిందీలో నడిచే ‘ఇండియన్ ఐడల్’లో 2006లో కారుణ్య రెండో స్థానంలో నిలవడం, 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలవడం తెలుగువాళ్ల ఓట్ల సమీకరణకు గుర్తులు. ఆ గెలుపులో అభిమానం తెలుగుదే గానీ పాట చాలావరకు హిందీ. గాయకుడు మనవాడైనా పాట మనది కానప్పుడు జాతి ముద్ర ఎంతవరకు పడుతుందన్న ప్రశ్న ఇక్కడ మిగులుతుంది.

మూల్యాంకనం

వేల్స్, ఎస్టోనియా, ఉక్రెయిన్, తెలంగాణల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేలుతుంది. పోటీ వేదిక అస్తిత్వాన్ని పుట్టించదు. ఎవరి మెప్పూ ఆశించకుండా తమ కోసం తాము పాడుకున్న జాతుల పాటే పరాయి గడ్డ మీద నిలిచింది. గాయకులను అరువు తెచ్చుకున్న దేశాలు పట్టికలో మిగిలాయి. సొంత నుడితో వెళ్లినవి మనసుల్లో మిగిలాయి.

రెండో పాఠం వ్యవస్థది. కారడాగ్ బృందం ఒక్కరాత్రిలో తయారు కాలేదు. ఊరి పోటీ నుంచి జాతీయ పోటీ దాకా మెట్లు ఉన్నాయి, అందరికీ అందే స్వరలిపి ఉంది, సాధనకు చోటు ఉంది. తెలంగాణలో పాటకు కొరత లేదు, మెట్లకే కొరత. సింగరేణి ఏరియా పోటీలు ఆ మెట్లలో ఒకటి. వాటిలో బొగ్గుబాయి పాటలకు, ఒగ్గుకథకు, బతుకమ్మకు విడిగా విభాగాలు పెట్టడం, యూనియన్ సభల్లో పుట్టిన పాటలను పెద్దవాళ్లు ఉండగానే రికార్డు చేయడం, గోదావరిఖని, రామగుండం బడుల్లో బృందగానం నేర్పడం, ఎంపికైన బృందాలను లాంగోథ్లెన్ వంటి అంతర్జాతీయ వేదికలకు పంపడం సాధ్యమైన పనులే. వీటికి సింగరేణి యాజమాన్యం, కార్మిక సంఘాలు, సాంస్కృతిక శాఖ కలిసి పూనుకోవాలి. చల్లగరిగ పాట తన దారి తాను వెతుక్కుంది. తర్వాత వచ్చే పాటకు దారి వేయడం ఈ సంస్థల బాధ్యత.